రెండోసారి పాడిన పాట

పోయిన మంగళవారం పొద్దున మా వీధిలోంచి వైకుంఠ రథం వెళ్ళింది. తిరువూరులో ఎవరు పోయినా ఇప్పుడు ఆ బండిలోనే తీసుకెళ్తున్నారు. వెనక అద్దాల పెట్టె, చుట్టూ బంతిపూల దండలు, నెత్తిన ఒక మైకు. మా ఎరువుల కొట్టు ముందుకి వచ్చేసరికి మా ఆయన లేచి నిలబడ్డాడు. పత్తికి మందు కోసం వచ్చిన రైతులు తలకి చుట్టుకున్న తువ్వాళ్ళు తీశారు.

మైకులో అక్కయ్య పాడుతోంది.

"మీ అక్కయ్యేగా?" అన్నాడు మా ఆయన గొంతు తగ్గించి.

"ఊఁ" అని నేను బస్తాల వెనక్కి వెళ్ళిపోయాను.

ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. పాట మాత్రం ఊళ్ళో తిరుగుతూనే ఉంది. ఎవరి ఫోనులోంచి ఎవరి ఫోనులోకి వెళ్ళిందో, చివరికి ఆ బండి డ్రైవరు చేతికి చిక్కింది. ఏ ఇంట్లో ఎవరు పోయినా ఇప్పుడు ఆవిడే సాగనంపుతోంది. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. "ఏం గొంతండీ!" అంటారు. నాకు మాత్రం పాట మధ్యలో ఒకచోటికి వచ్చేసరికి ఒళ్ళు కుంచించుకుపోతుంది. బతికుండగా ఆ పాట ఎక్కడ వినపడినా ఆవిడ కొంగు మొహం మీదికి లాక్కునేది. పోతూ పోతూ ఆ సిగ్గుని పక్కన కూర్చునేదాన్ని కదా అని నాకు అంటించి పోయిందేమో అనిపిస్తుంది.

అక్కయ్య నాకు సొంత అక్క కాదు. శనివారం భజనలో మేమంతా ఆవిడని అలాగే పిలిచేవాళ్ళం. గంపలగూడెం రోడ్డులో వాళ్ళకి మామిడితోట ఉండేది. తోటలో ఈ చివర నిలబడి ఆ చివరున్న కూలీలని పిలిస్తే, వాళ్ళు "వస్తన్నామమ్మా" అనేసరికి పక్క తోటలోవాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళట. మనిషి కూడా గొంతుకి తగ్గట్టే నిండుగా ఉండేది. రెండు ముక్కుపుడకలు, జరీ అంచు నేత చీర, చెప్పులు మాత్రం ఎప్పుడూ మగవాళ్ళ చెప్పులు. "ఆడవాళ్ళ చెప్పులు నా కాళ్ళకి చాలవే, తయారుచేసేవాడికి నాలాంటిది ఒకతి ఉంటుందని తెలియదు" అనేది.

సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇంట్లో ఇడ్లీపిండి రుబ్బే గ్రైండరు మోతకి శ్రుతి కలిపి పాడుకునేది. ఆ గ్రైండరు చెడిపోతే కొడుకు కొత్తది తెచ్చాడు. ఆవిడ దాన్ని కాసేపు తిప్పి విని, "ఇది మరీ కిందికి మూలుగుతోందిరా, పాతదాన్నే బాగు చేయించు" అంది. పాడేముందు లవంగం బుగ్గన పెట్టుకునేది. మైకు పట్టుకోవడంలో ఆవిడకో పద్ధతి ఉంది. పసిపిల్ల గడ్డం పట్టుకుని బతిమాలుతున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకునేది. మొదటి అక్షరం పలికేముందు కళ్ళు మూసుకునేది. నేను పక్కనే తాళాలు పట్టుకుని కూర్చునేదాన్ని గనక నాకు తెలుసు, అవి పూర్తిగా మూసేది కాదు. రెప్పల కిందనుంచి జనాన్ని చూసేది.

"దేవుడికి చెవులున్నాయి, పక్కవీధి వాళ్ళకీ ఉన్నాయి. ఇద్దరికీ వినపడేలా పాడండే" అని మమ్మల్ని కసిరేది. ఆవిడ ఒక్కో చరణం పాడితే మేం పదిమందిమీ వంత పాడాలి. మా వంత నీరసంగా ఉంటే ఊరుకునేది కాదు. "నేను ఎత్తి ఇస్తుంటే మీరు కింద పారేస్తున్నారు" అనేది.

భజన అయ్యాక ఇంటికి నడిచేటప్పుడు మాటల మధ్యలో ఏదో అడుగుతున్నట్టు అడిగేది, "ఎట్లా ఉందే ఇవాళ?"

"బాగుంది అక్కయ్యా" అంటే సరిపోయేది కాదు.

"ఎక్కడ బాగుంది?"

ఎక్కడో చెప్పాలి. పైకి వెళ్ళి నిలబడ్డప్పుడో, చివర్లో సన్నగా దింపినప్పుడో. సరిగ్గా ఆవిడ అనుకున్న చోటే చెబితే ముక్కుపుడకలు కదిలేలా నవ్వేది. వేరే చోటు చెబితే, "ఆఁ, అదేంలే" అనేసి నడక పెంచేది. పెనుగొలనులో భజన పోటీ పెడితే మాకు మొదటి బహుమతి వచ్చింది. ఇచ్చిన షీల్డుని బీరువా మీద పెట్టి, వచ్చినవాళ్ళకి ఎదురుగా కనపడేట్టు కుర్చీలు జరిపింది. నాకది తప్పుగా తోచలేదు. గొంతున్న మనిషికి ఆ మాత్రం ముచ్చట ఉండదా?

మా భజనలో రత్నమ్మ అని ఒకావిడ ఉండేది. బియ్యం కొట్టు వాళ్ళు. భర్త పోయాక కొట్టు తనే చూసుకునేది. మంచి మాటకారి, బేరంలో గట్టిది. పాట మాత్రం పిసరంత రాదు. మేమంతా ఒక దారిన పోతుంటే ఆవిడ గొంతు పక్కనున్న కాలవలో దిగి నడిచేది. దాంతో అక్కయ్య ఆవిడని మైకుకి దూరంగా, గోడవార చివర కూర్చోబెట్టేది. రత్నమ్మ నొచ్చుకునేది కాదు. "నన్ను ఇక్కడ కూర్చోబెట్టినా వినపడుతోందా అక్కయ్యా? అయితే ఇంకాస్త జరగనా?" అని నవ్వేది. అక్కయ్యా నవ్వేది. వాళ్ళిద్దరికీ మంచి స్నేహం. మామిడికాయలు దిగితే మొదటి గంప రత్నమ్మ ఇంటికే వెళ్ళేది. ఆవకాయ ఇద్దరూ కలిసే పెట్టేవాళ్ళు.

ఆ రత్నమ్మ ఒక వేసవిలో, పొద్దున్నే కొట్టు తెరుస్తూ కూలబడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయింది. ఒక్కతే కూతురు, శైలజ. విజయవాడలో కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆ పిల్ల వచ్చేదాకా శవాన్ని కొట్టు ముందు షామియానా కింద పడుకోబెట్టారు. అలాంటప్పుడు భజన చెయ్యడం మా పద్ధతి. మేమంతా చాప మీద కూర్చున్నాం. అక్కయ్య తోటలో కాయ కోయిస్తూ, కబురు తెలిసి ఆ చీరతోనే వచ్చింది. చేతులకి ఇంకా మామిడి సొన ఉంది. వచ్చి రత్నమ్మ పాదాలు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, మొహం కడుక్కుని, మైకు అందుకుంది.

ఆవిడ పాడింది తను సొంతంగా కట్టుకున్న వరస. అందులో వేరే మాటలు లేవు. రామా అన్న పేరొక్కటే. అదే పేరుని ఒకసారి పిలుపులా, ఒకసారి బతిమాలినట్టు, ఒకసారి కోప్పడినట్టు తిప్పి తిప్పి పాడేది. చాలాసార్లు విన్నదే. కానీ ఆ రోజు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతులో అది వేరే పాటయింది. వీధిలో పోతున్న ఆటోలు ఆగాయి. పక్క హోటల్లో వంటవాళ్ళు గరిటెలతో బయటికి వచ్చారు. ఒక్కొక్కరూ ఫోన్లు పైకెత్తారు.

పాట అయిపోయింది. ఎవరూ కదల్లేదు. రత్నమ్మ తరఫు బంధువు ఒకాయన, పెద్దమనిషి, చేతులు జోడించి, "అమ్మా, ఇంకొక్కసారి" అన్నాడు.

అక్కయ్య మళ్ళీ పాడింది.

మొదటిసారి పాడింది రత్నమ్మ కోసం. రెండోసారి ఎవరికోసమో పక్కనున్న నాకు తెలుస్తూనే ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. మొదటిసారి లేని మెలికలు వస్తున్నాయి. పైకి వెళ్ళి, అక్కడ నిలబడి, ఇంకొంచెం పైకి వెళ్ళి, అక్కడా నిలబడింది. వెనకనుంచి ఎవరో "ఆహా" అన్నారు. జనమంతా శవానికి వీపు పెట్టి ఆవిడ వైపు తిరిగారు.

అప్పుడే శైలజ కారు దిగింది. తల్లి ఎక్కడుందో ఆ పిల్లకి కనపడలేదు. "జరగండి, జరగండి" అంటూ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఎవరూ వెంటనే జరగలేదు. ఒకావిడ అయితే వెనక్కి చూడకుండానే "ఉష్" అంది. చివరికి ఎలాగో దూరి తల్లి మీద పడి "అమ్మా" అని అరిచింది. పాట ఆగకపోయేసరికి తలెత్తి అక్కయ్యని చూసింది. అక్కయ్య కూడా ఆ పిల్లని చూసింది.

చూసి కూడా ఆగలేదు. పైన నిలిపిన స్వరాన్ని మెట్టు మెట్టుగా కిందికి దింపి, చక్కగా ముగించి, అప్పుడు మైకు కింద పెట్టింది.

ఆ రోజు ఇంటికి నడిచేటప్పుడు ఆవిడ నన్నేమీ అడగలేదు.

వీడియో ఆ సాయంత్రానికే ఊరంతా తిరిగింది. ఖమ్మంనుంచి, విజయవాడనుంచి ఫోన్లు. గుడి కమిటీవాళ్ళు శాలువా కప్పుతామన్నారు. అక్కయ్య ఒంట్లో బాగోలేదని కబురు పంపింది. నేను చూడ్డానికి వెళ్తే వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. కొడుకు ఫోను ఒళ్ళో ఉంది. నన్ను చూడగానే ఫోను బోర్లా పెట్టింది, చూడకూడనిది చూస్తూ పట్టుబడినట్టు.

"విన్నావా నువ్వు ఇది?" అంది.

"విన్నాను అక్కయ్యా. అందరూ..."

"అందరి సంగతి వద్దు. సరిగ్గా విన్నావా?"

ఫోను నా చెవి దగ్గర పెట్టింది. ఆవిడ గొంతు పైకి వెళ్తోంది. దాని అడుగున, సన్నగా, "జరగండి, జరగండి" అని వినపడింది. తర్వాత "అమ్మా" అన్న అరుపు. దాని మీదినుంచి రామా అన్న పేరు, ఎంతో బాగా, నిలకడగా.

"నా గొంతు కింద ఆ పిల్ల ఏడుపు పడి ఉందే" అంది. "నాకు వినపడలేదనుకుంటున్నావా? వినపడింది. చూశాను కూడా. కానీ స్వరం అంత బాగా పడుతోంది, ఇప్పుడు ఆపితే పోతుందనిపించింది. రత్నం అక్కడ పడుకుని ఉంటే నాకు ఆ ఆలోచన వచ్చిందే. దేవుడి పేరు నోట్లో ఉండగా వచ్చింది."

"మనసులో భక్తి లేకుండా అంత బాగా పాడతారా ఎవరైనా?" అన్నాను.

"పాడతారు. పాడాగా" అంది.

ఆ తర్వాత శనివారం భజనకి వచ్చింది గానీ మైకు దగ్గరికి రాలేదు. గోడవార చివరికి వెళ్ళి, రత్నమ్మ కూర్చునే చోట కూర్చుంది. ముందు పాడమని ఎంత బతిమాలినా కదల్లేదు. వంత పాడేటప్పుడు కూడా గొంతు బయటికి రానిచ్చేది కాదు. హార్మోనియం వాయించే మా తోడికోడలే ముందు పాడడం మొదలెట్టింది. జనం తగ్గిపోయారు. నాకు కోపం వచ్చి ఒకసారి అడిగేశాను.

"ఎన్నాళ్ళు అక్కయ్యా ఇట్లా? మీరు పాడకపోతే భజన ఏం బాగుంటుంది?"

"తాగుడు మానినవాడి ముందు సీసా పెట్టొద్దే" అంది. "నోరు తెరిస్తే మళ్ళీ ఆ రుచి తగులుతుంది. నాకు తెలుసుగా."

శైలజ కొట్టు సంగతులు చూసుకోడానికి అప్పుడప్పుడు వచ్చేది. ఆ పిల్ల వచ్చిందని తెలిస్తే అక్కయ్య బజారుకి వెళ్ళేది కాదు. ఒకసారి కూరగాయల దగ్గర ఎదురుపడబోతే, ఇంత నిండు మనిషీ గబుక్కున ఒక చెప్పుల కొట్లోకి దూరి, అక్కర్లేని చెప్పులు కాళ్ళకి పెట్టుకు చూస్తూ నిలబడింది. పక్కన నేనున్నాను. చెప్పులబ్బాయి "మీకు ఈ సైజు పట్టదండి" అంటున్నా వినిపించుకోలేదు. శైలజ దాటిపోయేదాకా ఆవిడ మెడ మీద చెమట కారుతూనే ఉంది.

రత్నమ్మ సంవత్సరీకానికి ముందురోజు మధ్యాహ్నం శైలజ తనే అక్కయ్య ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను, మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. తప్పించుకోడానికి దారి లేదు. అక్కయ్య లేచి నిలబడింది. ఒళ్ళో మిరపకాయలన్నీ కింద పడ్డాయి.

"పెద్దమ్మా, రేపు అమ్మ సంవత్సరీకం. భజన పెట్టుకుందామనుకుంటున్నాను" అంది శైలజ.

"నేను పాడనమ్మా" అంది అక్కయ్య. వెంటనే, ఊపిరి తీసుకోకుండా, "ఆ రోజు నిన్ను చూశానమ్మా. చూసి కూడా ఆపలేదు. నీకు ఎట్లా మొహం చూపించాలో తెలియక తిరుగుతున్నాను" అంది.

శైలజ పరవాలేదు అనలేదు. కింద కూర్చుని, పడిపోయిన మిరపకాయలు ఏరుతూ మాట్లాడింది.

"కోపం వచ్చింది పెద్దమ్మా. ఇప్పటికీ ఉంది. మా అమ్మని చూద్దామంటే అందరి వీపులే కనపడ్డాయి. నన్ను ఉష్ అన్నారు. కాలేజీలో నా స్టూడెంటు ఒకడు ఆ వీడియో తెచ్చి, మీ ఊరేగా మేడమ్, ఎంత బాగా పాడారో చూడండి అన్నాడు. ఏం చెప్పను వాడికి?"

అక్కయ్య గోడకి ఆనుకుంది. కొంగు మొహం మీదికి లాక్కోవాలని చెయ్యి లేచింది. కానీ లాక్కోలేదు. ఆ పిల్ల ముందు మొహం దాచుకోకూడదనుకుందో ఏమో, చెయ్యి కిందికి దించేసింది.

"మిమ్మల్ని పాడమని రాలేదు" అంది శైలజ. "రేపు నేను పాడాలి. ఆ పాటే. ఆ రోజు అమ్మని నేను సరిగ్గా పిలవలేకపోయాను. నాకు పాట రాదు, మా అమ్మ గొంతే నాకూ వచ్చింది. మీరు నేర్పండి."

అక్కయ్య చాప తెచ్చి పరిచింది. "రా, దీని మీద కూర్చో" అంది. ఆ మధ్యాహ్నమంతా నేర్పింది. మెలికలన్నీ తీసేసి, పాటని పిల్లలకి గోరుముద్ద చేసినట్టు చేసి పెట్టింది. అయినా ఆ పిల్లకి రాలేదు. ఎక్కడ ఎక్కాలో అక్కడ దిగేది. అక్కయ్య ఒక్కసారి కూడా "తప్పు" అనలేదు. ఆవిడ దగ్గర ఇన్నేళ్ళు తిట్లు తిన్నదాన్ని, నాకు ఆశ్చర్యంగా ఉంది.

మర్నాడు రత్నమ్మ ఇంట్లో ఫొటోకి దండ వేసి, దాని ముందు చాపలు పరిచారు. బంధువులు, ఊళ్ళోవాళ్ళు, పోయినేడు వచ్చినవాళ్ళే చాలామంది. అక్కయ్య వచ్చిందని తెలిసి ఇంకా వచ్చారు. శైలజ మైకు పట్టుకుని మొదలెట్టింది. గొంతు వణికింది. రెండోసారి రామా అనేసరికి స్వరం జారి ఎక్కడికో పోయింది. హార్మోనియం మీద మా తోడికోడలు ఆ స్వరం కోసం వెతికి వెతికి చేతులు ఎత్తేసింది. నా తాళం ఆగిపోయింది. శైలజ నోరు తెరిచి ఉంది, శబ్దం రావడంలేదు. కళ్ళు ఫొటో మీద ఉన్నాయి.

అందరూ అక్కయ్య వైపు చూశారు. గుడి కమిటీ ఆయన ఇంకో మైకు తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "మీరు అందుకోండమ్మా" అన్నాడు. అందుకోవడం ఆవిడకెంత పని? ఒక్క పిలుపుతో ఇల్లంతా నిలబెట్టేసేది.

అక్కయ్య ఆ మైకు ఆపేసి పక్కకి జరిపింది. శైలజ దగ్గరికి జరిగి, ఆ పిల్ల ఎక్కడ ఆగిపోయిందో సరిగ్గా అక్కడ, ఆ జారిపోయిన స్వరంలోనే, మెల్లగా రామా అంది. అది ఏ శ్రుతికీ చెందని స్వరం. హార్మోనియంలో లేదు, ఆవిడ జన్మలో పలికి ఉండదు. శైలజ ఆ గొంతు పట్టుకుంది. పట్టుకుని ఇంకో అడుగు వేసింది, మళ్ళీ తప్పు. అక్కయ్యా ఆ తప్పులోకే దిగింది. ఆ పిల్ల ఎక్కడికి జారితే అక్కడికి జారింది, ఎక్కడ తడబడితే అక్కడ తడబడింది, ఆ పిల్ల గొంతుకన్నా పైకి ఒక్కసారి కూడా రాకుండా. సరిగా పాడేవాళ్ళు తప్పు పాడడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ మెడ నరాలు ఉబ్బాయి.

నా వెనక ఎవరో గుసగుసలాడారు. "పాపం, ఆవిడకి గొంతు పోయిందే."

"వయసు రాలేదూ. ఆ వీడియోలో పాడిన మనిషేనా అనిపిస్తోంది."

అక్కయ్యకి వినపడింది. చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆ పిల్ల పక్కనుంచి ఆవిడ గొంతు కదల్లేదు. శైలజ చివరిసారి రామా అనబోయి, "అమ్మా" అంది. అక్కయ్య కూడా అక్కడితో ఆపేసింది. ఇంట్లో ఎవరూ ఆహా అనలేదు. కాసేపటికి ఎవరో విస్తళ్ళు వేస్తున్నాం రమ్మన్నారు. శైలజ లేవలేదు, అక్కయ్య భుజానికి తల ఆనించి అట్లాగే కూర్చుంది.

భోజనాలయ్యాక ఇద్దరం ఇంటికి బయల్దేరాం. ఎండ మాడ్చేస్తోంది. ఆవిడ మొహంలో నెమ్మది కనపడుతుందేమో అని చూశాను. నెమ్మది లేదు. కళ్ళు నేలమీదే ఉన్నాయి.

"నాకు సిగ్గులేదే" అంది ఉన్నట్టుండి.

"ఏమైంది అక్కయ్యా?"

"అక్కడ పాడుతున్నానా, ఆ పిల్లకోసమే పాడుతున్నానా. నిజంగానే ఆ పిల్లకోసమే. అయినా లోపల ఒక మూలనుంచి వస్తూనే ఉంది. నేను కావాలని ఇంత కిందికి దిగానని వీళ్ళలో ఒక్కరైనా గమనించారా, అని." కొంగుతో మొహమంతా తుడుచుకుంది. "రత్నం ఫొటో ముందు కూర్చుని, మళ్ళీ అదే."

నేను గమనించాను. ఇన్నేళ్ళలో ఆవిడ పాడినవాటిలో అంత గొప్పది నేను వినలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే సంతోషించేది. సంతోషించినందుకు మళ్ళీ ఎన్నాళ్ళు సిగ్గుపడేదో.

చెప్పలేదు. చెయ్యి పట్టుకుని నడిచాను.